మళ్ళీ చూసినారా?

ఆమె చనిపోయిందని తెలిసిన రోజు నేను ఆమెను మూడు రకాలుగా చంపాను.

టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకు విమానంలో గుండె ఆగిపోయిందని చెప్పాను. ఓర్వకల్లు విమానాశ్రయం గోడ పక్కనుంచి నా వ్యానులో ఎన్నిసార్లు పోయినా తల తిప్పి అటు చూడని మనిషి ఆమె. కటింగ్ షాపులో అడిగినవాళ్లకు, కొత్త మందేదో కనిపెట్టి ముందు తనమీదే పరీక్షించుకుందని చెప్పాను. సాయంత్రం మా వీధి ఆడవాళ్లు అడిగితే, పాము. మూడు చోట్లా నమ్మారు. మూడు చోట్లా అయ్యో అన్నారు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

నిజం చాలా చిన్నది. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ ఉండగా జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో పడుకుంది, పోయింది. అందరూ మొదట అడిగిన మాట మాత్రం ఒకటే.

“కార్జమేనా అన్నా?”

కాదు. కార్జం కాదు.

ఓర్వకల్లు పక్క పల్లె సామేలు ఫోన్ చేసినప్పుడు నేను ఓణీల ఫంక్షన్ అయిపోయిన ఇంటి ముందర షామియానా దించుతున్నాను. “కార్జం మేడమ్ పోయిందంట అన్నా,” అన్నాడు. “అట్లనా,” అన్నాను. ఫోన్ జేబులో వేసుకుని మిగిలిన గుంజలు పీకాను. గుడ్డ మడిచాను. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వ్యానుకెత్తాను. తర్వాత వ్యానులో కూర్చుని, ఏమన్నా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. కార్జం చూసే మిషను ముందర పడుకున్న ప్రతి మనిషికీ ఆమె ఒక మాట చెప్పేది. “నొప్పుండదు. ఎవరో తట్టినట్టుంటుంది, అంతే.” సరిగ్గా అట్లే ఉంది.

నేను షామియానాలు, కుర్చీలు, వంట సామాన్లు బాడుగకిచ్చేవాణ్ణి. పెళ్లికైనా చావుకైనా మా చుట్టుపక్కల పల్లెల్లో నా గుడ్డ కిందనే కూర్చోవాలి. ఆమె మొదటిసారి మా అంగడికి వచ్చినప్పుడు ఒక టెంటు, రెండు బెంచీలు, అడ్డం పెట్టుకోవడానికి ఒక పరదా, వ్యాను అడిగింది.

“ఏం ఫంక్షన్ మేడమ్?”

“ఫంక్షన్ కాదు. కార్జాలు చూస్తాం.”

“మటన్ అంగడా?”

“మనుషులవి.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె పొట్టి మనిషి, చేతికి మగవాళ్ల గడియారం. కడప జిల్లా. “కడపలో యాడ మేడమ్?” అంటే చెయ్యి ఎత్తి నంద్యాల దారివైపు చూపించి, “ఆ పక్క,” అనేది. ఆమె పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంత వరకు ఇవే.

బాడుగ మాట్లాడుకునేటప్పుడే తన పని సంగతంతా చెప్పింది, ఎవరో పక్కింటామె గురించి చెబుతున్నట్టు. పీహెచ్‌డీ చదువు అయిపోయాక, పక్కా ఉద్యోగం దొరికేలోగా చేసే పరిశోధన పోస్టు ఆమెది. రెండేళ్లకు రాసిచ్చారు. కొవ్వు పట్టిన కార్జం, అదే లివరు, ముందుముందు ఏమవుతుందో చూడటం పని. కొందరిలో ఆ కొవ్వు ఏళ్లతరబడి అట్లే ఉండిపోతుందట. కొందరిలో లోపల గట్టిపడుతూ పోయి కార్జమే పనికిరాకుండా పోతుందట. ఎవరిది నిలుస్తుంది, ఎవరిది ముదురుతుంది, ఎందుకు? అది తెలియాలంటే మొదటి ఏడు చూసిన మనుషులనే రెండో ఏడు మళ్ళీ చూడాలి. లెక్కలు బాగా వస్తే పోస్టు నిలుస్తుంది, లేకుంటే ఇంటికి.

“డాక్టరా మీరు?” అన్నాను.

“మందులిచ్చే డాక్టర్ని కాదు. చదువుకున్న డాక్టర్ని.”

“చదువుకోని డాక్టర్లు గూడా ఉంటారా మేడమ్?”

ఆమె కాసేపు ఆలోచించింది. “ఉంటారు,” అంది.

మిషను ఒక సూట్‌కేసంత ఉండేది. వ్యానులో ముందు సీటు దానిది. బెల్టు కూడా దానికే. ఆమె వెనక గుంజల మధ్య, మడిచిన తివాచీల మీద కూర్చునేది. గుంతల్లో వ్యాను ఎగిరినప్పుడల్లా తన తల పట్టుకునేది కాదు, ముందుకు వంగి మిషను మీద చెయ్యి వేసేది.

దారిలో ఊరకుండలేక కథలు చెప్పేవాణ్ణి. నా నోరు అట్లాంటిది. మా తాత నల్లమలలో చిరుతపులికి ఎదురుపడి, దాని చెవి పట్టుకుని ఆత్మకూరు సంతకు తోలుకొచ్చిన కథ మా మండలంలో వినని మనిషి లేడు. విన్నవాళ్లు రెండు రకాలు. కొందరు నవ్వుతారు, కొందరు తిడతారు. ఈమె రెండూ చేయలేదు.

“ఆ పులిని మళ్ళీ చూసినారా?” అంది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. కథ అక్కడితో అయిపోతుంది. కానీ నేను ఓడిపోయే రకం కాదు. “చూడకేం మేడమ్? ఏటేటా సంతకొచ్చేది.”

“చెవి అట్లే ఉండిందా, సాగిందా?”

వెనక్కి తిరిగి చూశాను. ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే కావాలన్నట్టు అడిగింది. ఆ తర్వాత ఏ కథ చెప్పినా ఆ మాటే. బావిలో రెండు తలల పాము ఉందంటే, మళ్ళీ చూసినారా? మా మేనమామ ఒక్క పంక్తిలో గంపెడు ఓళిగలు తిన్నాడంటే, ఇంకోసారి తిన్నాడా? “ఒకసారి చూసినందుకు ఏం తెలుస్తుంది? మళ్ళీ చూడల్ల,” అనేది. నాలాంటివాడికి ఇంతకు మించిన శత్రువు ఉండదు.

మేము ఎక్కువగా తిరిగింది ఓర్వకల్లు బండల గుట్టల వెనక ఉన్న ఒక పల్లెలో. అక్కడ చర్చి ముందర ఖాళీ జాగాలో టెంటు వేసేవాణ్ణి. కార్జం చూపించుకోవాలంటే ఖాళీ కడుపుతో రావాలి. పొద్దున్నే పల్లెంతా ఆకలితో బెంచీల మీద వరసగా కూర్చునేది. అందరినీ చూసేదాకా ఆమె కూడా టీ చుక్క ముట్టేది కాదు. “మీరు తాగండి మేడమ్, మీ కార్జం ఎవరు చూస్తాండారు?” అంటే వినేది కాదు. ఆకలిగా కూర్చున్న మనుషుల ముందర టీ తాగడం ఆమె వల్ల కాదు. చివరి మనిషి లేచాక నా వంట సామాన్లలో చేయించిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అందరికీ పంచేవాళ్లం. కొవ్వు జబ్బు చూసి నూనె బజ్జీలు పెట్టే క్యాంపు దేశంలో మాదొక్కటే అయి ఉంటుంది. ఆమె దానికి మొదట్లో అడ్డం చెప్పింది. “ఉత్త చేతులతో పంపిస్తే ఇంకోసారికి ఎవరూ రారు మేడమ్,” అన్నాను. తర్వాత తనూ రెండు తినేది.

పడుకున్న మనిషి కుడిచెయ్యి తలకింద పెట్టుకోవాలి. ఆమె జెల్ సీసాను ముందే పిడికిట్లో పట్టుకుని ఉండేది, చల్లదనం పోయేదాకా. రెండు వేళ్లతో పక్కటెముకల మధ్య సందు వెతికేది. వెతికేటప్పుడు మనిషిని చూసేది కాదు, మిషనును చూసేది కాదు, తలెత్తి నా షామియానా గుడ్డ మీద పువ్వులను చూసేది. సందు దొరికాక మిషను కర్ర ఆనించి తట్టేది. టక్. టక్. టక్. రెండు అంకెలు వచ్చేవి, కొవ్వుది ఒకటి, గట్టితనానిది ఒకటి.

“మంచిదా చెడ్డదా మేడమ్?”

“ఇది ఈరోజుది,” అనేది. డాక్టరుకు చూపించుకోవాల్సిన వాళ్లకు చీటీ రాసిచ్చి కర్నూలుకు పొమ్మనేది. అంతకుమించి ఒక్క మాట పలికేది కాదు.

మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండేవి కావు. సంతలో ఎవరన్నా నమస్కారం పెడితే గోడను చూసినట్టు చూసేది. అదే మనిషి వచ్చి బెంచీ మీద పడుకుంటే, పక్కటెముకల మీద చెయ్యి వేసీ వేయకముందే, “పోయినసారి దగ్గుతాంటిరి, తగ్గిందా?” అనేది. ఆమె జ్ఞాపకమంతా వేళ్లలో ఉండేది.

మొదటి ఏడు సామేలు పడుకున్నప్పుడు ఆ వేళ్లు ఒకచోట ఆగాయి.

“ఇదేంది? గడ్డ మాదిరి ఉండాది.”

“బండ పడింది మేడమ్. నాపరాయి గనిలో పనిచేస్తాంటి అప్పట్లో. ఎముక విరిగి అట్లే అతుక్కునింది.”

ఆమె ఒక సందు కిందికి జరిగి తట్టింది. సామేలు అంకెలు రెండూ ఎక్కువే వచ్చాయి. చీటీ రాసిచ్చింది.

సామేలు ఆ చర్చిలో పెద్ద. ఆదివారం కానుకల పళ్లెం పట్టేది అతనే. వయసులో ఉన్నప్పటి నుంచీ సారా వాసన కూడా పడని మనిషి. కానీ మా వైపు కార్జం చెడిందంటే మందు తాగాడనే అర్థం, ఇంకో అర్థం లేదు. చీటీ సంగతి పాకింది. “ఏం పెద్దయ్యా, ఏ బ్రాండు?” అని పొలం గట్టుమీద ఒకడు, “మాగ్గూడా పొయ్యకపోతివే సామేలూ,” అని ఇంకొకడు. అతను కర్నూలుకు పోలేదు. పోతే నిజమని ఒప్పుకున్నట్టవుతుందని.

రెండో ఏడు వచ్చింది. ఆమె పోస్టు నిలిచేదీ పోయేదీ ఈ విడత మీదే. “పోయినేడు వచ్చినవాళ్లందరినీ పిలవండి,” అని నాకు చెప్పింది. నాకు పిలవడం కొత్తా? ఇంటింటి గడప ముందర నిలబడి, “రేపు మేడమ్ పిలుపు, మీ ఇంటోళ్లు రావల్ల,” అని పెళ్లికి చెప్పినట్టే చెప్పి వచ్చాను. సరిగ్గా ఆ రోజుకే కడప నుంచి వాళ్లమ్మకు బాగాలేదని ఫోన్ వస్తే ఆమె పోయింది. సిటీ నుంచి ఒక టెక్నీషియను వచ్చి మిషను పట్టుకున్నాడు. జనం బాగా వచ్చారు. ఒక ముసలామె ఆకూవక్కా కూడా తెచ్చింది. బజ్జీలు చాలలేదు.

వారం తిరక్కముందే ఆమె పెద్ద సారు ఫోన్ చేశాడు. మేము కోడుమూరు రోడ్డులో ఉన్నాం. వ్యాను రొదలో వినపడక ఆమె స్పీకర్ పెట్టింది, అందుకని నాకూ వినపడింది. ఒక మనిషి కార్జం గట్టితనం సగానికి సగం పడిపోయిందట. ఇంకో ముగ్గురు నలుగురివి కూడా బాగా దిగాయట. ఏ మందూ లేకుండా ఇంత దిగడం ఆయన ఎప్పుడూ చూడలేదట.

“పోస్టు పొడిగింపు గురించి ఆలోచించకమ్మా ఇంక. దీంతో నీకు ఇక్కడే పక్కా సీటు చూస్తాను.”

“మళ్ళీ చూస్తాను సార్,” అంది ఆమె.

“మళ్ళీ ఎందుకు? మిషను చూసింది కదా.”

“నేను చూడలేదు కద సార్.”

ఫోన్ పెట్టేశాక నేను వ్యాను పక్కకు ఆపాను. “మేడమ్, దేవుడు పళ్లెంలో పెట్టి ఇచ్చినాడు. తినక మళ్ళీ చూస్తానంటారేంది?” అన్నాను. ఆమె గుంజల మధ్యనుంచి, “బండి పోనీండి,” అంది.

సగానికి పడిపోయిన అంకె సామేలుది.

మర్నాడు పొద్దున టెంటు వేసి, సామేలును రమ్మని కబురు పెట్టాం. పరదా వెనక్కి మనిషి వచ్చాడు, చొక్కా విప్పాడు, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నేను పరదా కొస పట్టుకుని ఉన్నాను. ఆమె జెల్ సీసా పిడికిట్లో పట్టుకుని, షామియానా పువ్వుల్ని చూస్తూ రెండు వేళ్లు ఆనించింది. కిందికి జరిపింది. పైకి జరిపింది. తల దించి, బహుశా మొదటిసారి, పడుకున్న మనిషి ముఖం చూసింది.

“గడ్డ యాడ?”

“ఏం గడ్డ మేడమ్?”

“ఎముక మీద గడ్డ.”

“అది మా అన్నకు ఉండాది మేడమ్. నాకు లేదు.”

పడుకున్నది సామేలు తమ్ముడు యోహాను. పోలిక ఒకటే గానీ సామేలుకన్నా సన్నం.

“మరి మీ అన్న?”

“సేనికి పోయినాడు. ఇంటికొకరు సాల్లే అని నేనొస్తి. పోయినవారం గూడా నేనే గదా వచ్చింటి. ఆ సారు ఏం అన్లేదే!”

ఆమె వేళ్లు తీసేసింది. మిగిలినవాళ్లను కూడా పిలిపించి చూస్తే, మామకు బదులు కోడలు, నాయనకు బదులు కొడుకు, అక్కకు బదులు చెల్లెలు. అంకెలు దిగిన ఇళ్లన్నీ ఇట్లాంటివే. వాళ్లలో ఎవరూ దాచలేదు. అడిగితే సంతోషంగా చెప్పారు, మీ పిలుపు మేము పోనీలేదు చూడండి అన్నట్టు.

మధ్యాహ్నం బెంచీ మీద కూర్చుని ఆమె నన్ను అడిగింది. “ఇట్ల ఎందుకు చేసినారు వీళ్లు?”

“చేసేదేముంది మేడమ్? పిలుపంటే ఇల్లు పోవల్ల. ఇంట్లోంచి ఎవరు పోతే ఏంది, ఇల్లు పోయినట్టే. పెండ్లికంతే, సావుకంతే. టెంటు జూసినారు, ఇంటికొకరు వచ్చినారు.”

ఆమె చాలాసేపు గడియారం చూసుకుంది. “కార్జం గూడా ఇంటికొకటేనా?” అంది.

అది ఎగతాళో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎగతాళే అయితే ఆమె నోట నేను విన్న ఒకే ఒక్క ఎగతాళి అది. నేను మాత్రం నవ్వాను. “తప్పు నాదే. మీరే రావల్ల అని చెప్పాల్సింది,” అని ఆమె లేచింది.

మిగిలిన ఇళ్ల అసలు మనుషులు రెండు రోజుల్లో వచ్చి పడుకున్నారు. సామేలు రాలేదు. ఆమే చేనికి పోయింది. వెనక నేను. శెనక్కాయ చేలో అతనూ భార్య మరియమ్మా కలుపు తీస్తున్నారు.

“నేను రాను మేడమ్,” అన్నాడు సామేలు, వంగినవాడు వంగినట్టే. “తమ్మున్ని పంపిస్తి గదా. నేనొచ్చి ఆ టెంటు కింద పండుకుంటే నన్ను తాగుబోతంటారు.”

“మీరు తాగరు.”

“నాకు తెలుసు. దేవునికి తెలుసు. మీ మిషనుకు తెల్దే!”

మరియమ్మ కొడవలి కింద పెట్టింది. “టీ తప్ప ఆయప్ప నోట్లో ఏం పోదు మేడమ్. అయినా సంఘంలో కానుక పళ్లెం ఆయప్ప చేతిలోంచి తీసి వేరేటోనికిచ్చినారు. ఆదివారం వస్తే ఈ మనిషి వెనక గోడకాడ నిలబడతాండాడు. ఇంగేం చూపించుకుంటాడు?”

దారిలో నేనొక ఉపాయం చెప్పాను. ఆ మిషను పోయినేడు చెడిపోయి ఉండిందనీ, అందరికీ తప్పుడు అంకెలు చూపించిందనీ పల్లెంతా చెబుతాను, నా మాట నమ్ముతారు. మిషనుకు దిష్టి తగిలిందని కూడా కలపొచ్చు.

“వద్దు. తర్వాత మిషను నిజం చెప్తే గూడా నమ్మరు,” అంది. “పాస్టరయ్యగారు ఇంట్లో ఉంటారా ఇప్పుడు?”

పాస్టరయ్యగారు గుండ్రంగా, చల్లగా ఉండే మనిషి. ప్రతి ఆదివారం ఏదో ఒక ఇంట్లో ఆయనకు కోడికూర భోజనం. ఏ ఇల్లూ నొచ్చుకోకూడదని రెండో వడ్డన కూడా కాదనేవాడు కాదు. ఆమె ఆయన ఇంట్లో కుర్చీ అంచున కూర్చుని, ముందూ వెనకా ఏమీ లేకుండా అడిగింది. “ఆదివారం ఆరాధన అయినాక మీరు నా మిషను కింద పడుకుంటారా అయ్యగారూ? అందరి ముందర?”

ఆయన నా వైపు చూశాడు. నేను గోడమీద క్యాలెండరు వైపు చూశాను.

“సామేలు గురించా?” అన్నాడు.

“అవును.”

“అంకె ఎక్కువొస్తే?”

“వస్తే వస్తుంది.”

ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. “సరేమ్మా. పైకే చదువు.”

ఆ ఆదివారం సంఘమంతా ఖాళీ కడుపులతో టెంటు కింద నిలబడింది. పరదా తీసేయమన్నాడు పాస్టరు. తెల్ల చొక్కా పైకి లాక్కుని, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆమె సందు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. టక్. టక్. టక్. చంటిపిల్లలు కూడా ఏడవలేదు.

“కొవ్వు ఎక్కువే ఉండాది అయ్యగారూ,” అని పైకే చదివింది. “శానా ఎక్కువ.”

ముందు వరసలో ఉన్న యెస్తేరవ్వ, ఆ పల్లెలో అందరికన్నా ముసలిది, “అయ్యా! నువ్వు గూడానా?” అంది.

“నేను తాగింది మీ ఇండ్లల్లో కోడి పులుసేనమ్మా,” అన్నాడు పాస్టరు పడుకున్నచోటు నుంచే. “నీ ఇంట్లోదే ఎక్కువ.”

టెంటు గుంజలు ఊగేలా నవ్వారు. నవ్వు ఆగాక ఆమె చెప్పింది. తాగితే కార్జం చెడుతుంది, నిజమే. తాగకపోయినా చెడుతుంది. చక్కెర జబ్బుతో వస్తుంది, బరువుతో వస్తుంది, కొందరికి వాళ్ల ఒళ్లే అట్లాంటిది. పాఠం అప్పజెప్పినట్టు, ఎవరి కళ్లలోకీ చూడకుండా చెప్పింది. అయినా అది చేరాల్సిన చోటికి చేరింది. జనం వెనక, చర్చి గోడకాడి నుంచి సామేలు నడిచి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. వచ్చి, పాస్టరు లేచిన వెచ్చటి బెంచీ మీద పడుకున్నాడు.

ఆమె జెల్ సీసా పిడికిట్లో పట్టుకుంది. షామియానా పువ్వులకేసి చూసింది. వేళ్లు పోయి గడ్డ మీద ఆగాయి.

“ఇదే,” అంది, ఎవరితోనో.

తట్టింది. అంకె వచ్చింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆ అంకె పోయినేటికన్నా తగ్గి ఉంటే ఆమెకు పక్కా సీటు. అంత కాకున్నా కొంచెం దిగినా చాలు. ఆ ముఖంలో ఏదీ మారలేదు.

“ఎంత మేడమ్?” అన్నాడు సామేలు.

ఇది ఈరోజుది అంటుందనుకున్నాను. ఆమె వంగి, అతని చెవికి మాత్రమే వినపడేట్టు చెప్పింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. “పోయినేటికంటే పెరిగింది. శానా పెరిగింది. రేపు కర్నూలుకు పోండి. మీరే పోండి, తమ్మున్ని పంపొద్దు.”

మర్నాడు నేనే తీసుకుపోయాను. పై ఆదివారం కానుకల పళ్లెం సామేలు చేతిలో ఉందని మరియమ్మ చెప్పింది.

ఆ రోజు మాత్రం అందరూ ఉగ్గానికి లేచాక, ఆమె వ్యాను వెనక ఎక్కి కూర్చుని పెద్ద సారుకు ఫోన్ చేసింది. “సార్, ఆ అంకె వేరే మనిషిది. తీసేస్తాండా. మిగతా నాలుగు గూడా తీసేస్తాండా. అసలు మనుషుల్ని మళ్ళీ చూసినా. ఎవరిదీ దిగలేదు.” అవతల చాలాసేపు మాట్లాడాడు. ఈసారి స్పీకర్ లేదు. ఆమె “సరే సార్” అంది, కొంచెం ఆగి మళ్ళీ “సరే సార్” అంది. ఫోన్ పెట్టేసింది.

“ఏమన్నారు మేడమ్?”

“పోస్టు ఉండదు.”

నేను ఉగ్గాని పళ్లెం అందించాను. బజ్జీ కొరికింది. “ఈరోజు కారం తక్కువైంది,” అంది.

చివరిరోజు మిషను సర్దుతూ నన్ను పిలిచింది. “మీరొక్కరే మిగిలినారు. పడుకోండి.”

నిజమే. రెండేళ్లు ఆ మిషనును మోసి, ఒక్కసారి కూడా దాని కింద పడుకోలేదు. నా పొట్ట చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, మిషను అక్కర్లేదు. పైగా సామేలులాగా నేను తాగనని చెప్పుకోవడానికి కూడా లేదు.

“నాకు కార్జం లేదు మేడమ్. మా తాత సంతకు తోలుకొచ్చిన పులి ఒకరోజు కోపమొచ్చి తినేసింది.”

ఆమె కర్ర పట్టుకుని అట్లే నిలబడింది. “ఈరోజు చూస్తేనే కదా, మళ్ళీ చూసేది,” అంది.

“ఈసారి వచ్చినప్పుడు చూద్దురు లేండి.”

ఆమె వైరు చుట్టి, పెట్టె మూసి, ముందు సీటులో పెట్టి బెల్టు వేసింది. కర్నూలు బస్టాండులో పెట్టె దింపుకుని కడప బస్సెక్కింది. కిటికీ దగ్గర సీటు దొరికింది. చెయ్యి ఊపుతుందేమోనని నిలబడ్డాను. కిటికీలోంచి, “టెంటు గుంజ ఒకటి వంగింది, చూసుకోండి,” అంది. బస్సు కదిలింది.

చూసుకున్నాను. నిజంగానే వంగింది.

తర్వాత వేరే రాష్ట్రంలో ఇంకో రెండేళ్ల పోస్టు, అది అయ్యాక ఇంకొకటి అని సామేలు చెబుతుండేవాడు. అతనికి ఆరునెలలకొకసారి ఫోన్ చేసేదట. బాగున్నారా అని కాదు, చూపించుకున్నారా అని. నాకు చేయలేదు. నా దగ్గర అడగడానికి అంకె లేదు కదా.

ఆమె పోయిందని ఫోన్ చేసిన మూడోనాడు సామేలు బండి వేసుకుని మా అంగడికి వచ్చాడు. చిక్కిపోయాడు గానీ నడక బాగుంది. ముదరకుండా ఆగిందట లోపల.

“రేపు నాకు ఆసుపత్రిలో చూసే రోజు. నువ్వు గూడా రా అన్నా.”

“నేనెందుకప్పా? రేపు టెంటు పనుండాది. మావాన్ని పంపిస్తాలే నీకు తోడు.”

“తోడు నాకెందుకు? నీ కార్జం చూపిచ్చేకి రమ్మంటాండా. ఇంటికొకరు కాదన్నా. నువ్వే.”

పోయాను. కర్నూలులో, చల్లటి గదిలో, తెల్లటి బెంచీ. పైన పువ్వులు లేవు, ట్యూబులైటు ఉంది. మిషను దగ్గర ఒక అమ్మాయి. చెయ్యి తలకింద పెట్టుకోమంది. ఎట్ల పెట్టుకోవాలో నాకు చెప్పనక్కర్లేదు, పల్లెంతటికీ నేనే చూపించినవాణ్ణి. ఆ అమ్మాయి జెల్ నేరుగా సీసాలోంచి నా పక్కటెముకల మీద పోసింది. ఒళ్లు జలదరించింది. సామేలు ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు ఏదన్నా తెలిసిందంటే ఆ చల్లదనమే.

టక్. టక్. టక్. నొప్పి లేదు.

“ఇంతకుముందు ఎప్పుడైనా చేయించుకున్నారా?”

“చేయించుకున్నా,” అన్నాను.

“ఎక్కడ?”

“మా పక్క పల్లెలో. నా టెంటు కిందనే. ఒక మేడమ్ చూసింది. కడప మేడమ్.”

“గుడ్. అప్పుడు గట్టితనం ఎంత వచ్చింది? పోల్చి చూస్తాను.”

ఆ అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద పెట్టుకుని నాకోసం చూస్తోంది. ఏదో ఒక అంకె. ఏది చెప్పినా రాసుకునేది. పులి చెవి పట్టుకుని సంతకు తెచ్చినవాళ్ల వంశం మాది. నోరు తెరిచాను. అంకె రాలేదు. ఇంకోసారి తెరిచాను.

“గుర్తు లేదా?”

“లేదు,” అన్నాను. “చూడలేదమ్మా. ఆమె చూస్తానంటే నేను పండుకోలేదు. ఇది ఈరోజుది, రాసుకో.”